పిల్లలకి 'దేవుడు ప్రేమిస్తున్నాడు' అని చెప్తున్నాను, నేను మాత్రం ప్రార్థన చేయలేకపోతున్నాను

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, అవసరమైనంత వరకు నా మాటల్లో చెప్తాను.

రాసినావిడకి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. చిన్నప్పటి నుంచి సంఘంలోనే పెరిగారు, చాలా ఏళ్లుగా సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు చూస్తున్నారు. వాళ్లమ్మగారికి క్యాన్సర్ వచ్చింది. వైద్యం ఒకపక్క, ఉపవాస ప్రార్థనలు ఒకపక్క. మధ్యలో ఒకసారి రిపోర్టులు బాగా వచ్చాయి, ఈవిడ ఆరాధనలో నిలబడి 'ప్రభువు మా అమ్మని స్వస్థపరిచాడు' అని సాక్ష్యం చెప్పారు. కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. ఇక మందులు పనిచేయవు, నొప్పి తెలియకుండా చూడడమే మిగిలింది అని డాక్టర్లు చెప్తే, అమ్మగారిని కూడా అడిగి, ఆవిడ సరేనన్నాక ఈవిడే కాగితాల మీద సంతకం పెట్టారు. కొన్ని వారాల్లో అమ్మగారు వెళ్లిపోయారు. ఇది జరిగి ఏడాది కావస్తోంది.

పరామర్శకి వచ్చిన సంఘంలోని ఒక పెద్దావిడ 'నువ్వు సంతకం పెట్టిన రోజే నీ విశ్వాసం అయిపోయింది, ఇంక దేవుడేం చేస్తాడు' అన్నారట. ఆ మాట లోపల అలాగే దిగబడిపోయింది. నాన్నగారు మాత్రం రోజూ రాత్రి అందరినీ కూర్చోబెట్టి దేవునికి కృతజ్ఞతలు చెప్తూ గట్టిగా ప్రార్థన చేస్తున్నారు, ఈవిడ కళ్లు మూసుకుని కూర్చుంటున్నారు, లోపల ఒక్క మాటా రావడం లేదు. భర్త 'ఎక్కువ ఆలోచించకు' అంటారు. ఇలా ఉండగా సండే స్కూల్లో ఒక పిల్లాడు లేచి 'ఆంటీ, ప్రార్థన చేస్తే మా నానమ్మకి తగ్గిపోతుందా' అని అడిగాడు. ఈవిడ జవాబు చెప్పలేక, నీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లి, క్లాసు అయ్యేదాకా తిరిగి రాలేదు.

ఆవిడ అడిగినవి ఇవి: 'నా విశ్వాసం పోయినట్టేనా? నమ్మనిది చెప్తున్నాను కాబట్టి నేను వేషధారినేనా? సండే స్కూల్ మానేయాలా? దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని నాకెందుకు అనిపించడం లేదు?' చిన్నబిడ్డల్ని అభ్యంతరపెట్టేవాడి (అంటే విశ్వాసంలో తడబడేట్టు చేసేవాడి) మెడకి తిరగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలని ప్రభువు అన్న మాట తలుచుకుని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశారు.

ఉత్తరం చివర్లో, సంతకానికి ముందు, ఒక వాక్యం ఉంది. 'అమ్మ పోయిన రాత్రి నాకు ఒక్క క్షణం హమ్మయ్య అనిపించింది, ఇది ఎవరికీ చెప్పలేదు.'

నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు గానీ, నాకైతే వాటి కింద ఉన్నది ఈ వాక్యమే అనిపించింది. నెలల తరబడి ఒక మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే పక్కనే కూర్చున్నవాళ్లకి, ఆ నొప్పి ఆగిన క్షణంలో ఊపిరి వదలడం చాలా మామూలు విషయం. జబ్బు మనిషిని దగ్గరుండి చూసుకున్న వాళ్లలో ఎంతోమందికి అది కలుగుతుంది, వాళ్లలో చాలామంది మీలాగే ఎవరికీ చెప్పుకోరు. మీకు హమ్మయ్య అనిపించింది అమ్మ పోయినందుకు కాదు, అమ్మ బాధ పోయినందుకు. ఆ రెండూ ఒకే క్షణంలో జరిగాయి కాబట్టి మీరు విడదీసి చూడలేకపోతున్నారు. ఆ పెద్దావిడ మాట అంత లోతుగా దిగడానికి కూడా ఇదే కారణమేమో. 'నేను అమ్మని వదిలేశాను' అని మీలో ముందే ఉన్న అనుమానానికి ఆవిడ బయటి నుంచి సాక్ష్యం పలికినట్టయింది.

సంతకం సంగతి. ఇక వ్యాధిని నయం చేయలేమని తెలిసిన తర్వాత నొప్పి తగ్గించి, మనిషి మనిషిలాగా ఉండేట్టు చూసుకునే వైద్యాన్ని ఇవాళ ప్రపంచమంతా గౌరవిస్తోంది. దాన్ని ఈ కాలంలో ఒక దారిలో పెట్టిన సిసిలీ సాండర్స్ నర్సుగా పనిచేసి తర్వాత డాక్టరైన మనిషి, గట్టి క్రైస్తవ విశ్వాసి. 1967లో లండన్‌లో చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఆవిడే మొదలుపెట్టారు. దేవుడి మీద నమ్మకం పోయి పెట్టింది కాదు అది, చనిపోతున్నవాళ్లని కూడా దేవుడు ప్రేమిస్తున్నాడు అనే నమ్మకంతో పెట్టింది. మీరు పెట్టిన సంతకం ఆ కోవలోకే వస్తుంది. పైగా మీరు అమ్మగారిని అడిగారు. ఆ గదిలో ఆవిడ మాట వినిపించుకున్న మనిషి మీరే.

ఇక ఆ పెద్దావిడ వేదాంతం. అలాంటివాళ్లు ఎక్కువగా పట్టుకునేది యాకోబు పత్రిక 5వ అధ్యాయం, విశ్వాససహితమైన ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుంది అనే మాట. కాస్త దాని ముందు వచనం కూడా చదవండి. రోగి సంఘపెద్దలని పిలిపించుకోవాలి, వాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థన చేయాలి. అంటే ఆ విశ్వాసంతో ప్రార్థించాల్సిన పని అక్కడ అప్పగించింది పెద్దలకి, మంచం మీద ఉన్న మనిషికి కాదు, ఆమె కూతురికి అసలే కాదు. లెక్క అడగడమే మొదలుపెడితే ముందు ఎవరిని అడగాలో ఆవిడ ఆలోచించుకోవాలి! (లెక్క అడగమని నేను అనడం లేదు, ఆ వరస ఎటు పోతుందో చూపిస్తున్నానంతే.)

సువార్తల్లో చూసినా 'ఇంత విశ్వాసం ఉంటే ఇంత స్వస్థత' అనే కొలత నిలబడదు. నాయీను అనే ఊళ్లో విధవరాలి కొడుకుని ప్రభువు లేపినప్పుడు ఆ తల్లిని విశ్వాసం గురించి ఒక్క ప్రశ్న వేయలేదు, ఆమె ఏడుపు చూసి కనికరపడ్డాడు. బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న, 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషికి తనని బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. ఇంకోవైపు, పౌలు తన శరీరంలోని ముల్లు (తనని వేధించే బాధని ఆయన అలా అన్నాడు) తీసేయమని మూడుసార్లు వేడుకున్నా దేవుడు తీయలేదు. తనతో తిరిగిన త్రోఫిము రోగిగా ఉంటే మిలేతు అనే ఊళ్లో విడిచి వచ్చానని పౌలే తిమోతికి రాశాడు. పౌలుకి విశ్వాసం తక్కువైందని ఏ సంఘంలోనైనా ఎవరైనా అంటారా? నజరేతులో వాళ్ల అవిశ్వాసం వల్ల ప్రభువు ఎక్కువ అద్భుతాలు చేయలేదు కదా అని మీకు చూపించేవాళ్లు ఉంటారు, ఆ వాక్యం ఉన్న మాట నిజమే. కానీ అక్కడివాళ్లు 'ఇతను వడ్లవాడు కాడా' అని ఆయన్ని తోసిపుచ్చినవాళ్లు. మీరు ఆయన కాళ్లు పట్టుకుని వేడుకున్నారు. ఆ వాక్యం మీకు వర్తించదు.

సాక్ష్యం చెప్పిన విషయంలో మీరు సిగ్గుపడుతున్నారు, 'అందరి ముందు అబద్ధం చెప్పినట్టయింది' అని రాశారు. రిపోర్టులు బాగున్న రోజున బాగున్నాయని చెప్పారు, కృతజ్ఞతలు చెప్పారు. దానికి సిగ్గుపడాల్సింది ఏముంది? హిజ్కియా రాజుకి 15 ఏళ్లు ఆయుష్షు పెరిగింది, తర్వాత చనిపోయాడు. సమాధి నుంచి లేచి వచ్చిన లాజరు కూడా ఇప్పుడు మన మధ్య లేడు. అమ్మగారికి దొరికిన ఆ కొన్ని నెలలు నిజం, అప్పుడు మీ నోట వచ్చిన కృతజ్ఞత కూడా నిజం.

విశ్వాసం పోయిందా అని అడిగారు. మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. దేవుడు లేడు అని ఒక్క చోట కూడా రాయలేదు మీరు. 'ఆయన విన్నాడా', 'ఆయనకి తెలుసు కదా', 'ఆయనెందుకు ఊరుకున్నాడు' అనే రాశారు. లాజరు చనిపోయాక మార్త, మరియ ఇద్దరూ వేర్వేరుగా వచ్చి ప్రభువుతో అన్నది ఒకటే మాట, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మా అన్నదమ్ముడు చనిపోయేవాడు కాదు అని. మర్యాదగా ఉన్నా, అది నిష్ఠూరమే. ఆయన వాళ్లని మందలించలేదు. మరియ ఏడుపు చూసి తనూ ఏడ్చాడు. 13వ కీర్తన 'ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు' అని నిలదీయడంతోనే మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చివరిదాకా చీకట్లోనే ఉండి చీకట్లోనే ముగుస్తుంది, 'అయినా నిన్ను స్తుతిస్తాను' లాంటి ముగింపు లేదు. దాన్ని ఎవరూ తీసేయకుండా, పరిశుద్ధ గ్రంథంలోనే ఉంచారు. మీకు లోపల మాట రావడం లేదు కదా, కొన్నాళ్లు సొంత మాటల కోసం వెతకకుండా ఆ కీర్తన చదివి ఊరుకోండి. అది కూడా ప్రార్థనే. ఉచ్చరింపశక్యంకాని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రికలో రాసింది మాట రాని మనుషుల కోసమే.

అనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. మదర్ థెరెసా చనిపోయిన పదేళ్లకి, 2007లో, ఆవిడ తన ఆత్మీయ గురువులకి రాసుకున్న ఉత్తరాలు అచ్చయ్యాయి. దశాబ్దాల పాటు తనకి దేవుడు దగ్గరున్నట్టు అనిపించలేదని, లోపలంతా చీకటిగా ఉందని వాటిలో ఉంది. చదివి చాలామంది నివ్వెరపోయారు. అదే మనిషిని 2016లో కాథలిక్ సంఘం పునీతురాలిగా ప్రకటించింది. మీకూ దశాబ్దాలు ఇలాగే ఉంటుందని భయపెట్టడానికి చెప్పడం లేదు సుమా. లోపల ఏమీ అనిపించని మనిషి వేషధారి కానక్కర్లేదు అని చెప్పడానికి. ప్రభువు వేషధారులు అని తిట్టింది నలుగురూ చూడాలని ప్రార్థన చేసేవాళ్లని. మీరు ఎవరికీ కనపడకుండా ఏడుస్తున్నారు.

అయినా 'దేవుడు ప్రేమిస్తే మా అమ్మ ఎందుకు పోయింది' అనే ప్రశ్న అలాగే ఉంటుంది. దానికి జవాబు నా దగ్గర లేదు, ఎవరైనా గబుక్కున ఒకటి చెప్తే నమ్మకండి. ఒక్కటి మాత్రం చూడండి. దేవుని ప్రేమ నుంచి మనల్ని ఏవి ఎడబాపలేవో పౌలు వరసగా చెప్పినప్పుడు, ఆ జాబితాలో మొదటి పదం మరణం. దానికి కాస్త ముందు వచనంలో శ్రమ, బాధ, కరువు, ఖడ్గం కూడా ఉన్నాయి. దేవుడు ప్రేమించినవాళ్లకి ఇవి రావు అని ఆయన అనలేదు, వస్తాయి అనుకునే రాశాడు. సిలువ మీద ప్రభువే 'నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు' అని 22వ కీర్తన మొదటి మాట అరిచాడు. విడిచిపెట్టినట్టు అనిపించడమే ప్రేమ లేదనడానికి రుజువైతే, ఆ కేక వేసినవాడి గురించి ఏమనుకోవాలి? జబ్బు తగ్గితే ప్రేమించినట్టు, తగ్గకపోతే మానేసినట్టు అని మనకి ఎవరో నేర్పారు, చాలా చోట్ల వేదిక మీద నుంచే నేర్పుతున్నారు. అలాంటి లెక్కలో పెరిగినవాళ్లకి మొదటి చావు వచ్చినప్పుడు దేవుడు కూడా పోయినట్టే ఉంటుంది. మీలో కూలిపోయింది ఆ లెక్క అని నా అనుమానం. అది కూలితే కూలనివ్వండి.

సరే, సండే స్కూల్. మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి, ఏదీ ఉచితంగా రాదు.

ఇప్పుడున్నట్టే కొనసాగించొచ్చు. ఒక పని, కొందరు పిల్లలు, వారానికోసారి ఇంట్లోంచి బయటపడే అవకాశం ఉంటాయి, దుఃఖంలో ఉన్న మనిషికి అది చిన్న ఆసరా కాదు. కానీ లోపల ఒకటి పెట్టుకుని బయట ఇంకోటి చెప్పడం మనిషిని అరగదీస్తుంది, మీరు ఇప్పటికే అరిగిపోయినట్టు ఉన్నారు. పిల్లలు కూడా పసిగడతారు. ఇంకోసారి అలాంటి ప్రశ్న వస్తే మళ్లీ బయటికి వెళ్లలేరు కదా.

పూర్తిగా మానేయొచ్చు. ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది. అయితే చెప్పాపెట్టకుండా మానేస్తే ఆ పెద్దావిడ చెప్పిందే నిజమని పదిమందీ అనుకుంటారు, అంతకన్నా ప్రమాదం ఏంటంటే మీరు కూడా అదే అనుకోవడం మొదలుపెడతారు. ఆ తర్వాత ఆరాధనకి వెళ్లడం కూడా కష్టమవుతుంది. మానేయాలనిపిస్తే పాస్టర్ గారికి చెప్పి, కొన్ని నెలలు అని గడువు పెట్టుకుని విరామం తీసుకోండి. 'అమ్మ పోయిన దుఃఖం ఇంకా తీరలేదు, కొంత టైమ్ కావాలి' అంటే చాలు, విశ్వాసం గురించి వివరణలు ఇవ్వనక్కర్లేదు. ఆయన అర్థం చేసుకోకపోతే? అది మీకు ఇంకో దెబ్బే, ముందే తెలిసి ఉండడం మంచిది. అందుకే ఆయన దగ్గరికి వెళ్లేముందు సంఘంలో మీరు నమ్మే ఒక్క మనిషికైనా చెప్పుకుని, వీలైతే తోడు తీసుకెళ్లండి.

క్లాసులోనే ఉంటూ పాత్ర మార్చుకోవడం ఇంకో దారి. పాఠం ఇంకొకరు చెప్తారు, మీరు పాటలు, బొమ్మలు, పిల్లల్ని చూసుకోవడం లాంటివి చేస్తారు. లేదంటే పాఠాలనే మార్చండి, గొల్యాతుని పడగొట్టిన కథలు కాస్త ఆపి అన్నీ పోగొట్టుకున్న యోబు కథ, లాజరు చనిపోయినప్పుడు ప్రభువు ఏడ్చిన కథ చెప్పండి. నాకు ఈ దారే నచ్చింది, ఎందుకంటే నమ్మనిది చెప్పాల్సిన అవసరం ఇందులో ఉండదు. కాకపోతే పిల్లల ముందు మీకే ఏడుపు వచ్చే రోజు ఒకటి రావొచ్చు. అది తట్టుకోగలరా లేదా అన్నది మీకే తెలియాలి. ఇప్పుడు కాదనిపిస్తే విరామమే మేలు.

ఆ పిల్లాడికి జవాబు మాత్రం బాకీ ఉన్నారు. 'తగ్గుతుంది' అని మాటివ్వకండి, తగ్గకపోతే వాడూ మీలాగే తన ప్రార్థనలో లోపం వెతుక్కుంటాడు. 'తగ్గాలని మనం అడుగుదాం. తగ్గుతుందో లేదో నాకు తెలీదు. నేను మా అమ్మ కోసం అడిగాను, అమ్మ చనిపోయింది, నాకు ఇంకా చాలా బాధగా ఉంది. మీ నానమ్మకి ఏమైనా అది నీ తప్పు మాత్రం కాదు' అనొచ్చు. తిరగటిరాయి మాట మీద భయపడ్డారు కదా, నా దృష్టిలో పిల్లల్ని అభ్యంతరపెట్టేది తెలియదని ఒప్పుకునే టీచర్ కాదు. ఇవ్వలేని మాట ఇచ్చేవాళ్లతోనే ఎక్కువ ప్రమాదం.

ఆ పెద్దావిడ విషయం మీ ఓపికని బట్టి. వదిలేయొచ్చు, కానీ వదిలేస్తే ఆవిడ రేపు ఇంకో ఇంటికి పరామర్శకి వెళ్లి ఇదే అంటారు. సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా వెళ్లి చెప్పమని మత్తయి సువార్తలో ఉంది, ఆ లెక్కన నేరుగా వెళ్లి 'ఆ రోజు మీరన్న మాట నన్ను చాలా బాధపెట్టింది' అని చెప్పడం సరైన పద్ధతే. వాదనకి దిగితే మాత్రం మీరే అలిసిపోతారు, ఇలాంటివాళ్ల దగ్గర వచనాలకి కొదవ ఉండదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంత సేపూ మంచి స్నేహితులే, నోరు తెరిచాకే వచ్చింది గొడవంతా. చివర్లో దేవుడు కోప్పడింది కూడా వాళ్ల మీదే గానీ, అన్ని ప్రశ్నలు వేసిన యోబుని మాత్రం తన గురించి సరిగ్గా మాట్లాడినవాడు అన్నాడు.

నాన్నగారి గట్టి ప్రార్థన మీకు ఒంటరితనం పెంచుతోందని రాశారు. ఆయనకి అదే ఊతం కావచ్చు, కృతజ్ఞత అనే మాట వదిలేస్తే ఆయన కూడా కూలిపోతారేమో. ఒకరోజు ఆయనతో 'నాన్నా, నాకు ప్రార్థన రావడం లేదు, నా బదులు కూడా నువ్వే చెయ్యి' అని చూడండి. ఆయన కంగారుపడి ఉపదేశం మొదలుపెట్టే అవకాశం ఉంది, ఉన్నమాట చెప్తున్నాను. కానీ తనకూ అలాగే ఉందని ఒప్పుకునే అవకాశం కూడా ఉంది. పక్షవాయువు మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటి పైకప్పు విప్పి దించినప్పుడు, ప్రభువు 'వారి విశ్వాసము చూచి' అని మార్కు రాశాడు. కొన్నాళ్లు మోయించుకోవడం తప్పేమీ కాదు. మీ భర్తకి మాత్రం 'ఆలోచించకు' అనడం సాయం కాదని నేరుగా చెప్పండి, ఏం చేస్తే సాయమో కూడా చెప్పండి, కొందరికి నిజంగానే తెలీదు.

ఇంకొకటి. నిద్ర పట్టడం లేదన్నారు, తిండి మీద ధ్యాస పోయిందన్నారు, పొద్దున లేవబుద్ధి కావడం లేదన్నారు. ఏడాదవుతున్నా ఇవి తగ్గకపోతే అది డాక్టర్‌కో, దుఃఖంలో ఉన్నవాళ్లతో మాట్లాడే కౌన్సెలర్‌కో చూపించుకోవాల్సిన విషయం. బతకాలని లేదు అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే, ఆలస్యం చేయకుండా, ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ఆయనకి ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. దేవునితో మాటలు ఆ తర్వాతే, అదీ చాలా రోజుల తర్వాత. కాబట్టి సండే స్కూల్ గురించి ఈ వారమే తేల్చుకోవాలని పెట్టుకోకండి, ముందు డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి.